మూసీ గట్టున ఖాళీ కానున్న భవనములు

2025 జనవరి 31వ తేదీన హైదరాబాదులోని గోషామహలు మైదానమున ఉస్మానియా ఆస్పత్రి నూతన భవనములకు శంకుస్థాపన జరిగినది. అంతకు పదినెలల ముందు, 2024 మార్చిలో, రాజేంద్రనగరు ప్రాంతమున హైకోర్టు నూతన భవనములకు పునాది వేసిరి. రెండును కావలసినవే. ఇరుకు వార్డులలో రోగులు, కాగితపు గుట్టల నడుమ న్యాయవాదులు పడు బాధ నెరిగినవారెవ్వరును ఈ నిర్మాణములను కాదనజాలరు. కాని ఈ రెండు వార్తలను వేరువేరుగా చదివినపుడు తోచని విషయమొకటి కలిపి చదివినచో తోచును. మూసీనదికి ఇరువైపుల నూరేండ్లుగా నిలిచియున్న రెండు మహాభవనములు కొలది సంవత్సరముల యెడముతో ఖాళీ కాబోవుచున్నవి. ఏ పనికొరకు వానిని కట్టించిరో ఆ పని వానిని విడిచి పోవుచున్నది.

ఈ రెండును ఒకే దుఃఖమునుండి పుట్టిన కట్టడములు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలకొలది ప్రాణములను బలిగొన్నది. మృతులు పదునైదువేలని సాధారణముగా చెప్పుదురు. నాటి అఫ్జలుగంజి ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది బ్రతికి బయటపడిరన్న మాట నగరములో చిన్నలు పెద్దలు ఎరిగినదే. ఆ విపత్తు పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. వానిని గూర్చి మన పాఠ్యపుస్తకములు చెప్పుచునే యున్నవి. కాని వరద తుడిచిపెట్టిన నదీతీరమును మరల తీర్చిదిద్దుటకు 1912లో నగరాభివృద్ధి మండలి యొకటి యేర్పడినదనియు, విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల వాస్తుశిల్పి యిచటికి వచ్చి పనిచేసెననియు, నేడు మనము చూచు తీరమంతయు ఆ సంకల్పములో భాగమనియు ఎరిగినవారు తక్కువ. దక్షిణపు గట్టున 1920లో హైకోర్టు, దాని చెంతనే 1921లో సిటీ కాలేజీ, ఉత్తరపు గట్టున 1925 నాటికి ఉస్మానియా ఆస్పత్రి వెలసినవి. ఆ పిమ్మట ఆస్పత్రికి చేరువనే ఆసఫియా గ్రంథాలయపు భవనము, అనగా నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము, లేచినది. ఒక న్యాయస్థానము, ఒక విద్యాలయము, ఒక వైద్యశాల, ఒక గ్రంథాలయము! నది చంపినచోటనే మనుష్యులకు కావలసిన నాలుగింటిని నిలిపిరి. రాజుల విలాసమునకు కట్టినది ఇందు ఒక్కటియు లేదు.

మా విద్యార్థులను కొందరిని ఒకనాడు ఆ గ్రంథాలయమునుండి నది వంతెనదాక నడిపించుకొని పోయితిని. ఆస్పత్రి గుమ్మటములను చూచి వరంగల్లు ప్రాంతపు కుర్రవాడొకడు, "సార్, రోగులంత పోయినంక దీన్ని ఏం జేస్తరు?" అని యడిగెను. కాపాడుదుమని పాలకులు చెప్పుచున్నారని జవాబిచ్చితిని. "కాపాడుడంటే తాళం వేసుడా సార్?" అని మరల అడిగెను. నేను పాఠము చెప్పవలసినవాడనై యుండి ఆ పిల్లవానికి సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. ఈ వ్యాసము వానికి నేను పడిన బాకీ.

ఆస్పత్రి పాతభవనము కథ చూడుడు. 2015లో దానిని కూల్చి బహుళాంతస్తుల భవనము కట్టుదుమని ప్రభుత్వము ప్రకటించినది. వైద్యులు కొందరు హర్షించిరి, చరిత్రాభిమానులు అడ్డుపడిరి, సంగతి న్యాయస్థానమున కెక్కినది. ఈ వాదములు నడచుచున్నంతకాలము కప్పు కురియుచునే యున్నది. 2020 జూలై వానలకు వార్డులలో మోకాటిలోతు నీరు చేరగా రోగులను తరలించి ఆ భవనమును మూసివేసిరి. 2023లో నిపుణుల సంఘము పరీక్షించి, భవనమును మరమ్మతుతో నిలుపవచ్చునుగాని అది ఆస్పత్రిగా పనికిరాదని తేల్చినది. కూల్చవలెనన్నవారు, నిలుపవలెనన్నవారు ఎనిమిదేండ్లు పోరాడిరి. ఆ ఎనిమిదేండ్లలో గచ్చు పగుళ్లలో మొలచిన రావిమొక్కను పెరికించుట యెవరి పనియో యెవరును నిర్ణయింపలేదు. కట్టడములను మన దేశమున గడ్డపార కంటె రావిమొక్కయే ఎక్కువగా పడగొట్టుచున్నది. గడ్డపార వచ్చిన పత్రికలలో పడును. రావిమొక్క పడదు.

దీనికి ప్రతిగా హైకోర్టును చూడుడు. 2009 ఆగస్టు 31న అచట పెద్ద అగ్నిప్రమాదము జరిగి గ్రంథాలయముతో కూడ చాలభాగము కాలిపోయినది. అయినను అది మరల నిలిచినది. ఏల? అందులో నిత్యము పని జరుగవలెను. ఒకనాడు ఆగిన వేలమంది కక్షిదారులు వాకిట నిలుతురు. పని యున్న యింటికి దిక్కుండును. నాకు తోచినంతవరకు భవనమునకు చట్టముకంటె పెద్ద రక్షణ అందు జరుగు పనియే.

కోఠీలోని రెసిడెన్సీ భవనము ఈ మాటకు మరియొక సాక్ష్యము. కిర్క్‌పాట్రిక్ కాలమున, 1803 ప్రాంతమున దాని నిర్మాణము మొదలైనది. 1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ దండెత్తినది దానిమీదనే. తెల్లదొరలు పోయిన పిమ్మట, 1949లో, ఆడపిల్లల కాలేజీ అందులో ప్రవేశించినది. దర్బారుమందిరమున పాఠములు జరిగినవి. అంతటి భవనమును కాలేజీ సరిగ చూచుకొన్నదని చెప్పజాలను. అందుకు తగిన ధనము ఏ కాలేజీకిని ఉండదు. కాని డెబ్బదియేండ్లు దీపము పెట్టినది. తలుపులు తెరచి మూసినది. అంతర్జాతీయ సంస్థ సహాయముతో మరమ్మతులు పూర్తియై నేడు ఆ మహాస్తంభముల నడుమ సందర్శకులు తిరుగుచున్నారన్న, అందుకు కారణము అన్నియేండ్లు ఆ మెట్లమీద ఆడపిల్లలు నడచుటయే. 1935 నాటి మొజంజాహి మార్కెట్టు 2020లో మరల కళకళలాడినది. అదియును అంగళ్లున్న చోటే.

ఇక చట్టము సంగతి. హైదరాబాదు పట్టణాభివృద్ధి నిబంధనలలో పదమూడవది యొకటి యుండెడిది. ప్రసిద్ధ కట్టడములనే గాక, పాత దేవిడీలను, ఇండ్లను, తుదకు నగరమున కలంకారములైన బండరాళ్లను సైతము జాబితాలో చేర్చి, నిపుణుల సంఘమును సంప్రదింపక ముట్టరాదని అది శాసించెను. 2015 డిసెంబరులో ప్రభుత్వము దానిని తొలగించినది. 2017లో రాష్ట్రమునకంతటికి వారసత్వ పరిరక్షణ చట్టమును చేసిరి. చట్టము మంచిదే కావచ్చును. కాని పాతతలుపు తీసివేసి, క్రొత్తతలుపు బిగించువరకు ఇంటిని వాకిలి లేక వదలిన గృహస్థునివలె ప్రవర్తించితిమి.

ఆ వాకిట జరిగినది 2019లో ఎర్రమంజిలు కథ. ఫఖ్రుల్ముల్క్ అను నవాబు 1870 ప్రాంతమున కట్టించిన ఆ మేడను తొలగించి, నూతన శాసనసభా భవనమును కట్టుటకు జూన్‌లో శంకుస్థాపన చేసిరి. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ మంత్రివర్గ నిర్ణయమును కొట్టివేసినది. తెలుగువాడనుగనుక ఆ పేరును గూర్చి ఒక్కమాట చెప్పక యుండలేను. అరబ్బుల కథలలో 'ఇరమ్' అనగా స్వర్గతుల్యమైన ఉద్యానము. ఆ గుట్టను చుట్టుప్రక్కల తెలుగువారు ఎర్రమట్టినిబట్టి ఎర్రగడ్డ యనెడివారట. వారి నోటికిని తన చెవికిని సరిపడునట్లు నవాబు 'ఇరమ్ మంజిల్' అని పెట్టెనని చెప్పుదురు. మన నోట అది ఎర్రమంజిలైనది. రెండు భాషలు ఒకే గుట్టపై ఇంత మర్యాదగా కలిసికొన్న పేరు నగరములో మరియొకటి కలదా యని సందేహము. అది దక్కినది. సైఫాబాదులో 1888 నాటి పాత సచివాలయభాగమునకు ఆ భాగ్యము లేకపోయెను; 2020 జూలైలో తక్కిన భవనములతోపాటు అదియును నేలమట్టమైనది.

నిజాముల కట్టడములు మనకెందుకని యడుగువారున్నారు. వారి కోపమునకు కారణము లేకపోలేదు. నేను వెట్టిచాకిరి కథలు విని పెరిగినవాడనే. కాని ఆ ధనము ఏ రాజుగారి చెమటనుండియు రాలేదు. తెలంగాణపు రైతు కట్టిన శిస్తుతో, కూలీలు మోసిన రాతితో అవి లేచినవి. మన తాతల సొమ్ముతో కట్టినదానిని పరులదని విడిచిపెట్టుట ఎక్కడి లెక్క?

అట్లని నవాబుల మేడలే చరిత్ర యనుకొన్నను పొరపాటే. రెసిడెన్సీకి కూతవేటు దూరమున, 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారు అందుకు పూనుకొనిరి. తెలుగునకు రాజాదరణ లేని నగరములో అది తెలుగు పుస్తకమునకు దొరికిన నీడ. 1921 నవంబరులో వివేకవర్ధిని నాటకశాలలో తెలుగున మాటలాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావుగారిని సభలో గేలిచేయగా, ఆ అవమానమునుండి ఆంధ్రజనసంఘము జనించినది. ఆ సంఘము టేకుమాళ్ల రంగారావుగారి యింట రూపుదాల్చినది. మన చరిత్రలోని పెద్దమలుపులు ఇట్లు గుమ్మటములు లేని యిండ్లలో, మామూలు పెంకుల క్రింద జరిగినవి. జాబితాలు వ్రాయువారు కమానులను లెక్కింతురు, గచ్చునగిషీలను మెచ్చుకొందురు. ఇట్టి యిండ్లను ఎట్లు లెక్కింపవలెనో వారికి తెలియదు. ఈ పని తెలుగు చదువుకొన్నవారిది. మేము దానిని చేయలేదు. పురావస్తుశాఖను నిందించుటకు ముందు మా కాలేజీలలో ఎన్ని సిద్ధాంతవ్యాసములు ప్రబంధములలోని వర్ణనలను లెక్కించినవో, ఎన్ని ఒక్క వీథి చరిత్రనైన సేకరించినవో చూచుకొనవలెను.

మరల మూసీ గట్టునకు వత్తము. ఆస్పత్రి పాతభవనమునకు, హైకోర్టునకు తరలింపు తేదీ నిశ్చయించులోపల రెండు సంగతులు నిశ్చయము కావలెను. అందు మరునాడు ఏ పని జరుగవలెను? ఆ భవనపు కప్పును ఏటేట చూచు అధికారి యెవరు, అందుకు బడ్జెటులో పద్దు ఏది? ఆస్పత్రిలో వైద్యచరిత్ర ప్రదర్శనశాల పెట్టవచ్చును. క్లోరోఫారముపై 1888లోను, మరుసటి యేడును ఎడ్వర్డ్ లారీ నడిపిన పరిశోధనలతో ప్రపంచవైద్యులకు పరిచితమైన నగరమిది. చూపుటకు వస్తువు కొరత లేదు. అయితే ప్రదర్శనశాల యొక్కటి అంత భవనమును నింపజాలదు. క్రింది యంతస్తున వైద్యవిద్యార్థుల పఠనాలయమో, బయటి రోగులకు మందుల పంపిణీయో ఉంచినచో నిత్యము జనము మసలుదురు. హైకోర్టులో రాష్ట్రపు ప్రాచీన దస్తావేజుల భాండాగారముండవచ్చును, లేదా ప్రక్కనే యున్న సిటీ కాలేజీకి అందు కొంతభాగ మీయవచ్చును. ఏది యైనను సరే. తాళము మాత్రము వేయరాదు. వరంగల్లు కుర్రవాడు ఈ యేడు చదువు ముగించుకొని పోవుచున్నాడు. వంతెనమీద వాడడిగినదానికి ఈపాటి జవాబైన వ్రాసి పంపవచ్చునని యనుకొనుచున్నాను.