సీసాలో వేపనీళ్లు

ఈ రోజుల్లో ఏ ఇంటికి వెళ్లినా గుమ్మం పక్క స్టూలు మీదనో, ఫ్రిజ్ మీదనో ఒక చిన్న సీసా కనిపిస్తుంది. మూత నొక్కితే రెండు చుక్కలు చేతిలో పడతాయి. రాసుకుంటే చేతులు శుభ్రమైనట్టే! 2020లో కరోనా మన ఇళ్లకి తెచ్చిపెట్టిన అలవాట్లలో ఇదొకటి. మాస్కులు బీరువా అడుగుకి చేరాయి గాని సీసా మాత్రం చాలా ఇళ్లలో నిలిచిపోయింది. అలవాటు మంచిదే. ఆ సీసాలో ఏముందన్నదే అసలు ప్రశ్న.

ఎందుకంటే, కొన్న సీసా ఖాళీ అయ్యాక కొందరు ఇల్లాళ్లు దాన్ని ఇంట్లోనే నింపుకుంటున్నారు. పద్ధతి ఫోనులో వస్తుంది. గుప్పెడు వేపాకు, గుప్పెడు తులసాకు నీళ్లలో మరిగించి, వడగట్టి, చిన్న పటికముక్క, చిటికెడు కర్పూరం వేసి, కాస్త కలబంద గుజ్జు కలిపితే ‘సహజ శానిటైజరు’ సిద్ధం. ఖర్చు లేదు, చెయ్యి మండదు, వాసనకి హాయిగా ఉంటుంది. మా కాలేజీలో ఒక అమ్మాయి, ‘మేడమ్, మా అమ్మ ఇదే చేస్తోంది, మంచిదేనా?’ అని అడిగింది. పద్యాలు చెప్పుకునేదాన్ని, నాకెందుకీ వైద్యం అనుకోవచ్చు. కాని ఆ జవాబు మా పక్కవాటాలోనే అవసరపడింది.

పక్కవాటా వారి అమ్మాయి పురిటికి వచ్చింది. నెల తక్కువగా పుట్టిన పసికందు. చూడవచ్చిన వాళ్లకి పిన్నిగారు గుమ్మంలోనే ఆ పచ్చటి సీసా చూపించి, ‘రాసుకుని రండమ్మా, బయటి చేతులతో పిల్లాణ్ణి ముట్టుకోకండి’ అంటున్నారు. ఎంత చక్కటి నియమం! కాని బస్సు దిగి వచ్చినవాళ్లూ, కూరలసంచీ మోసుకొచ్చినవాళ్లూ రెండు చుక్కలు రాసుకుని నిశ్చింతగా బిడ్డని ఎత్తేసుకుంటున్నారు. నాలుగడుగుల దూరంలో కుళాయి ఉంది, సబ్బూ ఉంది. సీసా ఉంది గనక అటు వెళ్లే వారే లేరు. ఊరుకోలేక, ‘పిన్నిగారూ, ఈ సీసా లోపల పెట్టేసి అందర్నీ కుళాయి దగ్గరికి పంపండి’ అన్నాను. ఆవిడ నొచ్చుకున్నారు. ‘వేపాకుని మించిన మందుందా అమ్మా? మశూచి నాడు మనల్ని కాపాడింది వేపమండలు కాదూ?’ అన్నారు.

మశూచిని తరిమింది వేపమండ కాదండీ, టీకా. మన దేశంలో ఆ జాడ్యం 1975తో ఆఖరు. ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. వేపని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. దాని చేదులో కొన్ని క్రిములని అణిచే గుణం ఉన్నట్టు పరిశోధకులు చూశారు. కాని మన గిన్నెలో మరిగిన నీళ్లలోకి ఆ గుణం ఎంత దిగిందో కొలిచేదెవరు? కర్పూరం నీళ్లలో సరిగా కరగనే కరగదు. పటిక బురదనీళ్లని తేరుస్తుంది, అది వేరే పని. పైగా ఆకుల కషాయం బయట పెడితే రెండు మూడు రోజులకే పాడవుతుంది. అప్పుడా సీసాలోనే క్రిములు పెరుగుతాయి!

చేతికి రాసుకునే మందు పని చెయ్యాలంటే అందులో కనీసం 60 శాతం ఆల్కహాలు ఉండాలి. ఇక్కడే ఇంకొక చిక్కు. స్పిరిటు రెండు పాళ్లు, కలబంద గుజ్జు ఒక పాలు కలపమని కొందరు చెబుతారు. మందుల షాపులో తెచ్చిన స్పిరిటు 70 శాతం అయితే, కలిపిన తరువాత అది 47 శాతానికి దిగిపోతుంది. చేతికి చల్లగా తగులుతుంది, పని మాత్రం జరగదు.

సరైన పాళ్లు లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన యోగంలో ఇథైల్ ఆల్కహాలు 80 శాతం, గ్లిసరిను 1.45 శాతం, హైడ్రోజన్ పెరాక్సైడు 0.125 శాతం, తక్కినది కాచి చల్లార్చిన నీరు. కలిపిన తరువాత 72 గంటలు కదపకుండా ఉంచాలి. ఇది ఆసుపత్రుల్లో తర్ఫీదు పొందిన వాళ్లు కొలిచి చేసే పని. గ్యాసు పొయ్యి ఉన్న వంటింట్లో సీసాల కొద్దీ స్పిరిటు పోసుకోవడం నిప్పుతో చెలగాటం. ఊరూపేరూ లేని స్పిరిటులో మిథైల్ ఆల్కహాలు ఉంటే అది విషం. 2020 జూలై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో సారాకి బదులు శానిటైజరు తాగి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. కనక అసలైన సీసా కొన్నా సరే పిల్లలకి అందనిచోట, మంటకి దూరంగా పెట్టండి. కొనేటప్పుడు చీటీ మీద ఆల్కహాలు శాతం, తయారైన తేదీ చూడండి.

మరి ఇంట్లో చేసుకోగల మందే లేదా? ఉంది. సబ్బూ నీళ్లూ! సబ్బు అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస జిడ్డుని. కరోనా వంటి వైరస్‌కి పైతొడుగు కొవ్వే. సబ్బు ఆ తొడుగుని చీల్చేస్తుంది. చావని క్రిముల్ని కూడా మురికితో సహా ఊడదీసి కుళాయి నీళ్లకి అప్పగిస్తుంది. వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ స్పిరిటుకి అంతగా లొంగదు, సబ్బుతో కడిగితే మాత్రం నీళ్లతో కొట్టుకుపోతుంది. చేతికి మట్టో జిడ్డో ఉంటే సీసా మందు ఎటూ పనికిరాదు.

‘మా అమ్మమ్మల కాలంలో సబ్బులేవీ?’ అంటారేమో. కుంకుడుకాయ ఉందిగా! సంస్కృతంలో దాని పేరు ఫేనిలం, అంటే నురుగు గలది. అరిష్టమనీ అంటారు. తమాషా ఏమిటంటే, వేపకీ అరిష్టమనే పేరుంది. మనం అరిష్టమంటే కీడు అనుకుంటాం గాని, సంస్కృతంలో ఆ మాటకి హాని లేనిదనే అర్థమూ ఉంది. కుంకుడు నురుగుకి కారణం అందులోని సాపోనిన్లు. తలకీ, వెండి సామానుకీ దివ్యంగా పనిచేస్తుంది. కాని రసం నిలవుండదు, కంట్లో పడితే భగ్గుమంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో చేతులకి మామూలు సబ్బుబిళ్లే మేలు.

చేతులు కడగడమన్నది ఎంత మాటో పురుళ్ల చరిత్రే చెబుతుంది. వియన్నాలోని పెద్దాసుపత్రిలో 1846లో ఒక పురుళ్ల విభాగంలో నూటికి 11 మందికి పైగా బాలింతలు జ్వరంతో చనిపోయారు. శవాలను కోసి పరీక్షించిన చేతులతోనే డాక్టర్లు పురుళ్లు పోస్తున్నారని సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు కనిపెట్టాడు. 1847లో అందరిచేతా క్లోరిన్ కలిసిన సున్నపునీళ్లతో చేతులు కడిగించాడు. 1848 నాటికి చావులు నూటికి ఇద్దరికి లోపే! అయినా ఆయన మాటని పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. 1865లో ఆయన కన్నుమూసే నాటికి కూడా లోకం పూర్తిగా నమ్మలేదు. (మీరు బ్లీచింగు పొడి చేతులకి రాసుకునేరు, చర్మం పాడవుతుంది!)

ఈ కథ విన్నాక పిన్నిగారు ఏమీ అనలేదు. మర్నాటికి మాత్రం కుళాయి దగ్గర కొత్త సబ్బుబిళ్ల, పక్కనే ఉతికిన తువ్వాలు వెలిశాయి. గుమ్మంలో నియమం అలాగే ఉంది, చోటే మారింది.

ఇక పద్ధతి. ఉంగరాలు, గాజులు పైకి తోసి చేతులు తడపండి. సబ్బు రాసి అరచేతులు, మీగడలు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కింద రుద్దండి. వేణ్ణీళ్లే కానక్కరలేదు. ఇరవై సెకన్లు రుద్దాలి. గడియారం చూడనక్కరలేదు, ఒక కందపద్యం రాగం తీసి నిదానంగా చదవండి, సరిపోతుంది. పిల్లలకి పద్యమూ వస్తుంది, అలవాటూ వస్తుంది! కడిగాక పొడిగుడ్డతో తుడుచుకోవాలి. దొడ్డికి వెళ్లివచ్చాక, పసిబిడ్డ గుడ్డలు మార్చాక, వంటకి ముందు, అన్నం కలిపేముందు, బిడ్డని ఎత్తుకునేముందు—ఈ ఐదు వేళలూ మరవకండి. బస్సులో, రైల్లో, నీళ్లు దొరకనిచోట కొన్న సీసా తీసి, చేతులు ఆరేదాకా రుద్దుకోండి.

వేపాకు, తులసాకు వృథా అనుకోకండి. వేపాకు ఎండబెట్టి బియ్యం డబ్బాలో వెయ్యండి. తులసి కోటలోనే ఉండనివ్వండి. సీసా మాత్రం ఇవాళే ఖాళీ చేసి, కుళాయి దగ్గర సబ్బు ఉందో లేదో ఒక్కసారి చూసి రండి.