పొరపాటు ఎక్కడ జరగాలి?



కంటిలో అమర్చే పరికరాన్ని రూపొందించిన ఇంజనీరింగు విద్యార్థులు దానిని ముందుగా కృత్రిమ నేత్రంలోనో, మేక కంటిలోనో అమర్చి చూస్తారు. కోత పెద్దదైతే లోపలి ద్రవం కారిపోవచ్చు. పరికరం పక్కకు జారవచ్చు. ఆ రోజు వృథా అయిందని ఎవరూ అనుకోరాదని నా మనవి.

1949లో లండను నగరంలో హెరాల్డ్ రిడ్లీ తొలి కృత్రిమ కటకానికి శస్త్రచికిత్స చేశారు. యుద్ధంలో విమాన చోదకుల కళ్ళలో చిక్కుకున్న ఆక్రిలిక్ ముక్కలు అంతగా హాని చేయకపోవడాన్ని గమనించి ఆ పదార్థాన్నే ఎంచుకున్నారు. ఆలోచన గొప్పది, కటకపు శక్తి లెక్క మాత్రం తప్పింది. రోగికి సుమారు 18 డయాప్టర్ల హ్రస్వదృష్టి మిగిలింది. పొరపాటు భారాన్ని ఒక మనిషి కన్ను మోసింది. నమూనా నేత్రం ఉన్నది ఆ భారాన్ని తాను మోయడానికే.

ఏళ్ళ తరబడి ఎర్రసిరాతో తప్పులు దిద్దినవాడిగా చెబుతున్నాను. "మా ప్రయోగం విఫలమైంది" అని బిడ్డ చెప్పినప్పుడు మార్కుల సంగతి అడగకండి. "ఎక్కడ జారింది? ఎందుకు జారింది?" అని అడగండి. తప్పుకు శిక్ష పడితే పిల్లలు దానిని దాచడం నేర్చుకుంటారు. అలా దాచిన తప్పు రేపు ఒకరి కంటిలో బయటపడుతుంది.