జాకెట్టుకు తేజీ, తోలుకు మందీ

గొర్రెతోలు ఫ్లయింగ్ జాకెట్ల ధరలు ఆగకుండా ఎగబాకుతున్నాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానచోదకులు తొడిగిన జాకెట్ల నమూనాలో ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికా, జపాన్‌లలోని చిన్న కార్ఖానాలు కొత్తగా కుట్టే మేలురకం సరుకు వెయ్యి పౌండ్ల మెట్టు ఎప్పుడో దాటింది. ధరల పట్టీ మారినప్పుడల్లా అంకె పైకే పోతున్నది. ఈ తేజీని చూసి పచ్చితోళ్ళ వర్తకంలో ఉన్నవారు తమ సరుకుకు కూడా మంచి రోజులు వచ్చినట్లేనని లెక్క వేసుకొనే ప్రమాదం ఉంది. ఆ లెక్క మీద రొక్కం పెట్టినవారు నష్టపోతారు.

జాకెట్టు ధర పెరగడానికి తోలు కొరతే కారణమన్నది పైపైన చూసేవారి మాట. గొర్రెల సంఖ్య తగ్గిన మాట నిజమే. ఆస్ట్రేలియాలో 1970 ప్రాంతంలో సుమారు 18 కోట్ల గొర్రెలు ఉండేవి. ఇటీవలి లెక్కల్లో అవి ఏడెనిమిది కోట్లు. న్యూజిలాండులో 1982లో 7 కోట్లున్న మంద రెండున్నర కోట్ల లోపుకు దిగింది. అమెరికాలో సరిగ్గా ఈ జాకెట్లు కుట్టిన 1940లలో 5 కోట్ల 60 లక్షల గొర్రెలుండగా ఇప్పుడున్నవి 50 లక్షల చిల్లర మాత్రమే.

సరుకు ఇంతగా తరిగితే ధర పెరగాలి. కాని పచ్చితోలు బజారులో జరిగింది వేరు. 2019, 2020 ప్రాంతాల్లో ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో సంకరజాతి గొర్రెతోళ్ళకు రేటు దాదాపు లేకుండా పోయింది. కబేళాలకు తోలు అమ్మకం ఆదాయం కావడం మాని వదిలించుకొనే ఖర్చుగా మారిన సందర్భాలున్నాయి. చైనాలో కాలుష్య నిబంధనలు బిగిసి టానరీలు మూతపడడం, నూలుమిల్లుల కృత్రిమ ఉన్ని చవకగా దొరకడం ఇందుకు ముఖ్య కారణాలు. తోలు కోసం గొర్రెను పెంచేవారు లేరు. మాంసం గిరాకీని బట్టి గొర్రె కోతకు వస్తుంది. తోలుకు బేరం ఉన్నా లేకున్నా అది బజారుకు చేరుతూనే ఉంటుంది.

అయితే పచ్చితోలు అగ్గువగా ఉండగా జాకెట్టు ఎందుకు ప్రియమైంది? జాకెట్టు నిర్మాణం చూస్తే సమాధానం దొరుకుతుంది.

అమెరికా సైనిక విమానదళం 1934లో ఖాయం చేసిన బి-3 జాకెట్టు, బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ వాడిన ఇర్విన్ జాకెట్టు ఈ వ్యాపారంలో రెండు ముఖ్య నమూనాలు. లెస్లీ ఇర్విన్ అమెరికా దేశస్థుడు. పారాచూట్ల తయారీకి 1926లో ఇంగ్లండులోని లెచ్‌వర్త్‌లో కార్ఖానా పెట్టినవాడు. ఆనాటి బాంబర్లలో గాలి పీడనం నిలిపే ఏర్పాటు లేదు. పాతిక వేల అడుగుల ఎత్తున చలి సున్నాకు దిగువ 40 డిగ్రీలకు చేరేది. ఉన్ని లోపలికి, చర్మం బయటికి ఉండేలా కుట్టిన గొర్రెతోలు ఆ చలికి ఆనాడు దొరికిన కవచం.

ఇటువంటి జాకెట్టులో ఉన్నికీ చర్మానికీ రెంటికీ పరీక్షే. ఉన్ని ఒకే పొడవున, ఒత్తుగా ఉండాలి. చర్మం మీద కత్తిగాటు, ముల్లు గుచ్చిన రంధ్రం, గడ్డిగింజ దిగిన మచ్చ ఉండరాదు. లోపల పట్టీ వేసి దాచే వీలు లేదు. అస్తరు అంటూ వేరే ఉండదు. ఒక్క జాకెట్టుకు అనేక తోళ్ళు పడతాయి. అవన్నీ రంగులో, మందంలో, ఉన్ని పొడవులో ఒకదానితో ఒకటి సరిపోవాలి. కనుక వందల తోళ్ళ కట్ట విప్పినా ఈ పనికి ఏరి పక్కన పెట్టగలిగినవి కొన్నే. మిగిలినవి చెప్పులకు, పరుపులకు, బూట్ల అస్తరుకు పోవలసిందే. జాకెట్టువాడు చెల్లించేది ఈ ఏరివేతకు.

యుద్ధకాలపు అనుభవమే ఇందుకు సాక్ష్యం. మొదట్లో కుట్టిన ఇర్విన్ జాకెట్లలో ముక్కలు పెద్దవి, కుట్లు తక్కువ. యుద్ధం ముదిరి సరుకు పొదుపు చేయవలసి వచ్చినప్పుడు చిన్న ముక్కలను అతికి కుట్టడం మొదలైంది. ఆనాడు కొనుగోలుదారు ప్రభుత్వం. అతుకులు ఎన్నని అడగలేదు. నేటి ఖాతాదారు వీపుభాగం ఒకే తోలు కావాలని కోరుతున్నాడు. అంత పెద్ద, మచ్చలేని తోలు అన్ని కట్టల్లోనూ దొరకదు.

ఇక రెండవ కారణం టానరీలు. ఉన్ని ఊడకుండా చర్మాన్ని పదును చేయడం మామూలు తోళ్ళ పని వంటిది కాదు. ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీలోని మోర్లాండ్స్ కార్ఖానా ఈ విద్యకు పేరుపడింది. యుద్ధంలో రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కు గొర్రెతోలు సరుకు సరఫరా చేసిన ఆ సంస్థ 1982లో మూతపడింది. స్పెయిన్, టర్కీలలో ఈ విద్య నిలిచింది గాని అక్కడా పెద్ద టానరీలకు వేల తోళ్ళ ఆర్డరు కావాలి. జాకెట్ల కార్ఖానా అడిగేది కొద్ది తోళ్ళు, అదీ పాత రంగులో, పాత పద్ధతిలో. చిన్న ఆర్డరుకు పెద్ద రేటు పడడం ఏ బజారులోనైనా ఉన్నదే. దీనికి తోడు 2022లో ఐరోపాలో గ్యాసు, విద్యుత్తు ఖర్చులు విపరీతంగా పెరిగాయి. నీరు కాచి, తోలు ఆరబెట్టే పరిశ్రమకు ఆ దెబ్బ నేరుగా తగిలింది. 2025లో అమెరికా విధించిన దిగుమతి సుంకాలు ఎగుమతి లెక్కలను మరోసారి తారుమారు చేశాయి.

మూడవది చేతిపని. ఉన్నితో కూడిన మందపు తోలును కుట్టాలంటే బరువైన మిషను, దాని మీద చేయి తిరిగిన మనిషి ఉండాలి. బి-3లో కుట్ల మీద పలుచని తోలుపట్టీలు వేసి మళ్ళీ కుట్టాలి. ఒక్క కుట్టు తప్పితే సూది రంధ్రం చర్మంపై శాశ్వతంగా మిగులుతుంది; ముక్క పారవేయవలసిందే. ఇటువంటి పనివారు తయారు కావడానికి ఏళ్ళు పడుతుంది. మానుకోవడానికి ఒక రోజు చాలు.

గిరాకీ విషయానికి వస్తే, దానిని సినిమాలు పెంచుతున్నాయనే వాదన ఉంది. 1969లో బాటిల్ ఆఫ్ బ్రిటన్, 1990లో మెంఫిస్ బెల్, 2017లో డన్‌కర్క్, 2024లో మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్ వంటివి వచ్చినప్పుడు ఈ జాకెట్లపై చూపు పడిన మాట వాస్తవం. కాని సినిమా తెచ్చే గిరాకీ ఒక చలికాలం నిలిస్తే గొప్ప. పైన చెప్పిన మూడు ఖర్చులు మాత్రం సినిమా తెర దించినా దిగవు. కనుక ఈ తేజీ సట్టా వ్యాపారం తెచ్చినది కాదు. తయారీ ఖర్చులోనే అది పాతుకొని ఉంది.

అలాగని ఎక్కువ ధర చీటీ ఉన్న ప్రతి జాకెట్టూ ఆ ధరకు తగినదని కాదు. మేలురకం పేరు పెరిగేసరికి దాని నీడన నాసిరకానికీ రెక్కలు వచ్చాయి. కృత్రిమ ఉన్నిని పలుచని తోలుకు అంటించి పాత పేరుతో అమ్మే సరుకు బజారులో కొల్లలు. దాని ధర పెరగడానికి పైన చెప్పిన ఏ కారణమూ వర్తించదు. అటువంటి సరుకు నిల్వ చేసిన వర్తకుడు ధర పెరుగుతున్నదని సంతోషించి ప్రయోజనం లేదు. కొన్నవాడు రెండవసారి రాడు.

తెలుగు రాష్ట్రాల తోళ్ళ వర్తకులకు ఇందులో పాలెంత? 2019 పశుగణన ప్రకారం దేశంలోని 7 కోట్ల 40 లక్షల పైచిలుకు గొర్రెలలో తెలంగాణలో 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు ఉన్నాయి. మందల్లో ఈ రెండూ దేశానికే మొదటి, రెండవ స్థానాలు. కాని నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, ఉన్నది వెంట్రుక. దక్కనీ గొర్రె ఉన్ని ముతక, గొంగళ్ళకు తగినది. ఈ రెంటిలో ఏదీ ఫ్లయింగ్ జాకెట్టుకు రాదు. వెంట్రుక గొర్రె తోలు ఉన్ని గొర్రె తోలు కన్న దట్టం, గట్టి. చేతితొడుగులకు, పలుచని తోలు దుస్తులకు దానికి తగిన బజారు వేరే ఉంది. వాణియంబాడి, రాణిపేట టానరీలకు తోలు పంపే వర్తకుడు ఆ బజారు ధారణనే చూసుకోవాలి. లెచ్‌వర్త్ నమూనా జాకెట్టు ధర పెరిగిందని ఇక్కడ తోలు బిగబట్టి కూర్చుంటే, ఉప్పు ఖర్చు పెరిగి తోలు చెడడం తప్ప ఒరిగేది లేదు.

ముందు ముందు మేలురకం జాకెట్ల ధర దిగే సూచనలు లేవు. పచ్చితోలు పుంజుకొనే సూచనలూ అంతంతమాత్రమే. ఈ రెంటి మధ్య పెరుగుతున్న తేడా ఏరేవాడికి, పదును చేసేవాడికి, కుట్టేవాడికి చేరుతున్నది. అది న్యాయమైన కూలి. దానిని ఎక్కువని బేరమాడి తెగగొడితే మరొక టానరీ మూతపడుతుంది. అప్పుడు గొర్రెలు, తోళ్ళు, కొనేవారు అందరూ ఉండి కూడా జాకెట్టు ఉండదు. ఈ వ్యాపారంలో పెట్టుబడి పెట్టదలచినవారు తోలు కట్టల ధర కన్న పనిచేస్తున్న టానరీల సంఖ్య మీద కన్ను వేసి ఉంచడం మంచిది.