“యొక్క” యను ఊఁతకఱ్ఱ

హైదరాబాదులోని బేగంబజారును, బేగంపేటను ఎఱుఁగనివారు మన మహబూబ్‌నగరమున అరుదు. “బేగం” తురుష్కభాషలనుండి వచ్చిన మాట. “బేగ్” అనఁగా దొర. దాని చివరి “అమ్”, ఆ భాషలలో “నా” యను నర్థమిచ్చు “ఇమ్”, “ఉమ్” ప్రత్యయముల రూపమే యని పండితులు చెప్పుదురు. “నా దొర” యను నా మాట పిమ్మట గొప్పయింటి స్త్రీలకు గౌరవపదమైనది.

తుర్కీలో “ఏవ్” అనఁగా ఇల్లు. “ఏవిమ్” నా యిల్లు. “ఏవిమ్‌దె” నా యింటిలో. “ఏవ్‌లెరిమ్‌దె” నా యిండ్లలో. “ఇంటి తోట” యనుటకు “ఏవిన్ బహ్‌చెసి” యందురు. అచ్చట ఇంటికిని ప్రత్యయమే, తోటకును ప్రత్యయమే. ఇట్లు పదముల చివర ప్రత్యయములు చేరు రీతి తెలుఁగునందును గలదు. కావుననే 1856లో కాల్డ్వెల్ దొర ద్రావిడభాషలను ఇట్టి భాషలతోఁ బోల్చి చూచెను. ఆ చుట్టఱికము రుజువు కాలేదు గాని, పోలిక మనకొక పాఠము చెప్పుచున్నది.

తెలుఁగున తోటకుఁ బ్రత్యయ మక్కఱలేదు. ఊరు, ఇల్లు, చేయి యనునవి ఊరి, ఇంటి, చేతి యని మాఱినంతనే సంబంధము తెలియును. ఈ ఇ, టి, తి వర్ణములనే చిన్నయసూరి బాలవ్యాకరణమున ఔపవిభక్తికము లనెను. చెఱువు వంటి మాట యట్లే నిలిచినను “చెఱువు నీరు” అన్నఁ జాలును.

మఱి మన విద్యార్థులు “మా ఊరి యొక్క చెఱువు యొక్క నీరు” అని యేల వ్రాయుచున్నారు? ఇంట నే బాలుఁడును ఇట్లు పలుకఁడు. ఏడు విభక్తులను వల్లెవేయించి, ఇంగ్లీషు వాక్యములను మాటకు మాట తెనిఁగింపఁజేసి, ఉపాధ్యాయులమగు మేమే యీ ఊఁతకఱ్ఱను వారి చేతి కిచ్చితిమి. నేనును ఒకప్పుడు ఒక బాలుఁడు వ్రాసిన “బావి గట్టు” నడుమ ఎఱ్ఱసిరాతో “యొక్క” చేర్చితిని. వాఁడు నా మాటయే నమ్మి, తన తల్లి పలుకు తప్పనుకొనెను. ఆ దిద్దుబాటు నన్నిప్పటికిని బాధించుచున్నది.

“యొక్క” వ్యాకరణవిరుద్ధము గాదు. అది షష్ఠీప్రత్యయములలో నొకటి. సుదీర్ఘవాక్యమున అర్థము తికమకయగుచోట దానిని వాడవచ్చును. తక్కినచోట్ల నది బరువు.

విద్యార్థులారా, వ్యాసము వ్రాసినపిదప దానిని పైకిఁ జదువుఁడు. “యొక్క” తీసివేసినను అర్థము చెడనిచోట దానిని కొట్టివేయుఁడు. తల్లిదండ్రులారా, మీ పలుకుబడిని బిడ్డలయెదుట చిన్నబుచ్చకుఁడు. మేము బడిలోఁ జెప్పవలసిన వ్యాకరణము చాలవఱకు మీ యింటనే యున్నది.