పాత బండి అప్పగింతలు

చిరకాలము మన యింట సేవచేసిన వస్తువును విడుచుట యెంత కష్టమో సోదరీమణులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. అరిగిన రోలును మార్చుటకే మనసొప్పదు. గత మాసమున మా పాత కారు నమ్మవలసి వచ్చినప్పుడు మేమును అట్టి బాధనే పొందితిమి.

అది మారుతీ 800. మావారు ఉపాధ్యాయులుగా చేరిన క్రొత్తలో, 2008వ సంవత్సరమున, అత్తగారి గాజులు కుదువబెట్టి, తక్కిన సొమ్ము బ్యాంకులో అప్పుచేసి కొనినది. మరుసటి యేట మేము కాపురమునకు వచ్చినది ఆ బండిలోనే. మూడు సిలిండర్ల చిన్న యింజను. పెట్రోలు ఎక్కువ త్రాగదు. ఏ యూరి మెకానికైనను విప్పి బిగింపగలడు. ఒక వానరాత్రి మామగారికి గుండెనొప్పి వచ్చినప్పుడు, తాళము ఒక్కమారు త్రిప్పగనే కదలి వేళకు ఆసుపత్రికి చేర్చినది. ఆయన పిమ్మట ఆరేండ్లు మా నడుమ నుండిరి. 2023లో పదునైదేండ్లు నిండగా తనిఖీ చేయించి, 5,000 రూపాయల రుసుమును, హరిత పన్నును కట్టి, మరి యైదేండ్లకు రిజిస్ట్రేషను పొడిగించుకొంటిమి.

అట్టి బండిని విడువనేల? దాని తప్పేమియు లేదు. ఈ యేడు మావారికి జాతీయ రహదారి మీద ముప్పది కిలోమీటర్ల దూరమున నున్న బడికి బదిలీయైనది. ఆ బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు. ఊరిలో తిరుగుటకు చాలిన బండి నిత్యము లారీల నడుమ పోవుటకు చాలదు. ఈ మాట మొదట పలికినవారు అత్తగారే. "గాజులు మరల చేయించుకొంటిని. కొడుకును చేయించుకొనగలనా?" అనిరి.

మావారి పినతండ్రి కుమారుడు తన పల్లెలో తిరుగుటకు నలుబది వేలకు అడిగెను. సొమ్మిచ్చి, "కాగితములకు తొందరేమి వదినా? పంట చేతికి రాగానే మార్పించుకొందును" అనెను. మావారు మొగమాటమున తలయూపిరి. మాకును నోరు పెగలలేదు. బంధువును నమ్మలేదన్న నింద యెవరికి కావలెను?

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. బండి అతనిది, ఆర్‌.సి.లో పేరు మావారిది. రేపు ఎవరికైన దెబ్బ తగిలి, బీమా లేకపోయినచో, పరిహారము మావారి మెడకు చుట్టుకొనును. ఎవరి పేర రిజిస్ట్రేషనున్నదో వారే బాధ్యులని 2018లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. అమ్మితిమన్న మాట చాలదు.

తెల్లవారగానే మరిదిని పిలిచి, "నాయనా, అప్పగింతలు కాకుండ పిల్లను పంపుదుమా? కాగితములైన పిదపనే తాళములు" అంటిమి. అతడు మొగము చిన్నబుచ్చుకొనెను. అయినను వచ్చెను. 29వ, 30వ నమూనా ఫారముల మీద ఇరువురును సంతకములు చేసి రవాణా కార్యాలయమున దాఖలు చేసిరి. రాష్ట్రములోనే అమ్మినచో అమ్మినవారు 14 దినములలోగా ఆ కార్యాలయమునకు తెలుపవలెనని చట్టము. బీమాయు అతని పేరికి మార్పించి, అద్దము మీది ఫాస్టాగును మూయించితిమి.

కొనువారు లేని పాత బండిని ఇనుపసామాను వర్తకునికి ఊరక అప్పగింపరాదు. ప్రభుత్వమున నమోదైన తుక్కుకేంద్రమున నిచ్చి, జమ పత్రము పుచ్చుకొని, రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెను.

బండి కదలునప్పుడు అత్తగారు దానికి కుంకుమ పెట్టి, కొంగుతో కన్నులొత్తుకొనిరి. మరిది ఇప్పటికిని మాతో ముభావముగనే యున్నాడు. కొన్నాళ్లకు ఆ కోపము తీరును. తీరకున్నను, మొగమాటమున ఊరకుండి తరువాత ఇరువురును కోర్టు మెట్లెక్కుటకంటె ఇదియే మేలు. సోదరీమణులారా, మీ యింటి బండి ఆర్‌.సి.లో ఎవరి పేరున్నదో నేడే చూచుకొనుడు.