ఏరు దాటే లెక్క

వంతెనల ఊరు అనగానే మనవాళ్ళకు రాజమండ్రి గుర్తుకొస్తుంది. గోదావరి మీద 1900 నాటి హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన అక్కడివే. కలకత్తాలోనైతే 2024 నుంచి హుగ్లీ నది అడుగున సొరంగంలో మెట్రో రైలే నడుస్తోంది. మరి మన తుంగభద్ర మాటేమిటి?

హంపిలో విఠలాలయం దగ్గర ఏటిలో వరుసగా నిలిచిన రాతి స్తంభాలు మీరు చూసే ఉంటారు. విజయనగర కాలపు వంతెనలో మిగిలినవి అవే. ఆ చేరువలోనే ఆనెగొందికి కొత్త వంతెన మొదలుపెడితే, ప్రాచీన కట్టడాలకు చేటని 1999లో యునెస్కో హంపిని ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో చేర్చింది. పని ఆగింది. 2006లో హంపి ఆ జాబితా నుంచి బయటపడింది. పని మళ్ళీ సాగుతుండగా 2009 జనవరిలో వంతెన కూలి, కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఇటు కంప్లి-గంగావతి వంతెన ఆనకట్ట నీళ్ళు వదిలినప్పుడు ఎన్నోసార్లు మునిగింది.

జమాఖర్చులు చూసేవాణ్ణి కనుక ఒక మాట. పాత రాళ్ళ విలువ రాసుకున్నాం, మంచిదే. ఒడ్డున పుట్టి కోసం నిలబడ్డవారి కాలాన్నీ, పనిలో పోయినవారి ప్రాణాన్నీ ఏ పద్దులో రాశాం? అన్నీ ఒకే చిట్టాలో కనిపించాలి. అప్పుడే లెక్క సరిపోతుంది.