ఆరోగ్యయాత్ర: సింహళద్వీపము

ఏండ్ల తరబడి ఇంటిల్లిపాదికిని చాకిరి చేసి యలసిన స్త్రీ కొన్ని దినములు తన దేహమునకై వినియోగించుకొనుట విలాసము కాదని మా యభిప్రాయము. అయితే ఇట్టి యాత్రకు ధనముకంటె ముందు ఆలోచన వలయును. మన పొరుగున నున్న సింహళద్వీపమును, అనగా నేటి శ్రీలంకను, ఉదాహరణముగా గైకొని సోదరీమణులకు కొన్ని సంగతులు మనవి చేయుచున్నాము.

ఆ దేశమున వైద్యసంప్రదాయము క్రొత్తది కాదు. మిహింతలే యందలి 9వ శతాబ్దపు వైద్యశాల శిథిలములలో, రోగిని ఔషధద్రవమున పరుండబెట్టుటకై మనుష్యాకారముగా తొలిచిన రాతితొట్టి నేటికిని కానవచ్చును.

మొదట ఋతువును జూచుకొనవలెను. మే మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనముల వలన నైరృతి తీరమున వానలు మెండు. సముద్రమును అల్లకల్లోలముగా నుండును. కావున కొలంబోకు దక్షిణమున నున్న బేరువల, బెంతోటలకు డిసెంబరు మొదలు మార్చి వరకు అనుకూలము. తూర్పుతీరమందలి ట్రింకోమలీకి వేసవి నెలలే మేలు. దాని చేరువనే కన్నియాలో ఏడు వేడినీటి బావులు కలవు.

రెండవది కాలపరిమితి. తలంటును, ఒళ్లుపట్టుటయు ఒక పూటలో ముగియును. పంచకర్మ మట్లు కాదు. స్నేహనము, స్వేదనము, శోధనము, పిదప గంజితో మొదలిడి క్రమముగా మామూలు భోజనమునకు వచ్చుట, ఇన్నిటికి రెండు మూడు వారములు పట్టును. మూడు దినములలో ముగింతుమను వారి మాట నమ్మరాదు. అంత తీరిక లేనివారు ఒళ్లుపట్టించుకొని, సముద్రపు గాలి పీల్చి, కంటినిండ నిద్రించి వచ్చుటయే మంచిది.

మూడవది మిక్కిలి ముఖ్యము. గర్భిణులు ఆవిరిస్నానమును, వేడినీటి తొట్టిని, శోధనచికిత్సను మానవలెను. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు తమ వైద్యుని అడుగక పోరాదు. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు ఉపవాస ముండినచో రక్తమందలి చక్కెర ప్రమాదకరముగా తగ్గవచ్చును. ‘ఇచ్చట నున్నన్నాళ్లు మీ మాత్రలు మానుడు’ అని చెప్పు చోటు విడుచుటయే క్షేమము. ఇంటికి తెచ్చుకొను చూర్ణములు, భస్మముల విషయమునను జాగ్రత్త వలయును. ఇంటర్నెట్టు ద్వారా కొనిన 193 ఆయుర్వేద ఔషధములను అమెరికా పరిశోధకులు పరీక్షించి 2008లో ప్రకటించిన ఫలితములలో, సుమారు ఐదింట నొకదానియందు సీసమో, పాదరసమో, ఆర్సెనికో కనబడెను.

సొమ్ము చెల్లించుటకు ముందే ఈ ప్రశ్నలు వ్రాసి యడుగుడు: వైద్యుడు ఆయుర్వేద వైద్యమండలిలో నమోదైనవాడా? స్త్రీలకు స్త్రీలే పరిచర్య చేయుదురా? భోజనము, ఔషధములు ధరలో చేరియున్నవా? ప్రయాణము మానుకొనిన సొమ్ము తిరిగి వచ్చునా?

తుదకొక మాట. పిల్లల భోజనము, అత్తగారి మందులు, పాలవాని లెక్క ఎవరు చూడవలెనో ముందుగానే ఇంటివారితో నిర్ణయించుకొనుడు. దేహము లంకలోను, మనస్సు వంటయింటిలోను ఉన్నచో ఏ తైలమును పనిచేయదు.